ఖరీదు రౌండ్లతో (తూటాలతో) నడిచే .22 పిస్టల్ చౌక రౌండ్లతో నిలబడిపోతాంది, స్ప్రింగు ఒక చుట్టు కోయొచ్చా?

గేరుబాక్సు (అనంతపురం), ఆదివారం రాత్రి 9.40

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది అనంతపురం, ట్రాక్టర్ స్పేర్ పార్టుల అంగడి. క్లచ్చు స్ప్రింగయినా వాల్వు స్ప్రింగయినా చేతిలో పెట్టి నొక్కి ఏ బండిదో చెప్పే పని ఇరవై ఏండ్లుగా చేస్తాండా. స్ప్రింగంటే నాకు భయం లేదు. అది పిస్టల్‌లో ఉండేసరికి మాత్రం చేయి ఆగింది. అందుకే అడుగుతాండా.

మూడేండ్ల కింద డాక్టరు దినామూ నడవమంటే నడవబుద్ధి కాక, మా పిల్లోని వెంట క్లబ్బుకు పోయి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ పట్టుకున్నా. వాడు మానేసినాడు, నేను తగులుకున్నా. పోయిన సంవత్సరం కోచ్ సారు నన్ను 25 మీటర్లకు మార్చినాడు. పిస్టల్ క్లబ్బుది. పోటీల కోసమే చేసిన రకం, ఐదు రౌండ్లు పట్టే మ్యాగజైను (రౌండ్లు పెట్టే డబ్బా). స్లైడ్ అని అంటాం గానీ దీంట్లో వెనక్కి వచ్చేది లోపలి బోల్టు (రౌండు వెనక మూసే ఇనుప దిమ్మ) ఒక్కటే.

ఇప్పుడు బాధ ఏందంటే, విదేశీ మ్యాచ్ రౌండ్లు వేస్తే గడియారం మాదిరి నడుస్తాంది. ప్రాక్టీసుకని క్లబ్బులో ఇచ్చే చౌక రౌండ్లు వేస్తే నిలబడిపోతాంది. రెండింటికీ రేటు తేడా రెట్టింపు పైనే, వారం వారం మ్యాచ్ రౌండ్లు కాల్చే శక్తి నా అంగడికి లేదు.

నోటి లెక్క కాదు, పిల్లోని పాత నోటుబుక్కులో రాసి పెట్టినా. మ్యాచ్ రౌండ్లు 200 కాల్చితే ఒక్కసారి నిలబడింది. చౌకవి 200 కాల్చితే 23 సార్లు. ఆ 23లో 15 సార్లు ఖాళీ కేసు (పేలినాక మిగిలే ఇత్తడి గొట్టం) బయటికి పోకుండా కిటికీలో నిలువుగా ఇరుక్కుంది. 6 సార్లు కేసు బయట పడింది గానీ తర్వాతి రౌండు ఎక్కలేదు, బోల్టు ఖాళీ చాంబర్ (రౌండు కూర్చునే గూడు) మీద మూసుకుంది. 2 సార్లు టిక్కుమంది, పేలలేదు. ఇంకో విచిత్రం, పొద్దున ఆరున్నరకు ఎక్కువ నిలబడతాంది, తొమ్మిది దాటినాక రోంత తగ్గుతాంది.

నాకు తోచింది: బోల్టు వెనక స్ప్రింగు గట్టిగా ఉంది, రౌండు మెత్తగా ఉంది. మా అంగట్లో అయితే ఇట్లాంటిదానికి ఒకటిన్నర చుట్టు కత్తిరించి ఇచ్చేస్తాం, బండి లేచిపోతాంది. కోచ్ సారు క్యాంపుకు పోయినాడు, పది దినాలు రాడు. క్లబ్బులో ఉన్నోళ్ళు "నీకు చేతనైతే చెయ్" అంటాండారు. కోయొచ్చా? లేదంటే ఎన్ని పౌన్ల స్ప్రింగు అడగాల?

స్పీడుపోస్టు, ఆదివారం రాత్రి 10.05

బ్రో, స్ప్రింగు జోలికి ఎందుకు? హై వెలాసిటీ (ఎక్కువ వేగం) రౌండ్లు వేయండి. ఎంత గట్టి స్ప్రింగునైనా తోసేస్తాయి. ప్రాబ్లం సాల్వ్.

కోత్ తాత (కర్నూలు), సోమవారం పొద్దున 5.50

నాయనా గేరుబాక్సూ, కత్తెర కింద పెట్టు. తర్వాత మాట్లాడుకుందాం.

నేను పోలీసు బెటాలియన్‌లో ఆర్మరర్‌గా (ఆయుధాలు బాగుచేసేవాడిగా) ముప్పై ఏండ్లు కోత్‌లో (ఆయుధాల గదిలో) బతికినవాణ్ణి. ఇప్పుడు కొండారెడ్డి బురుజు దగ్గర పొద్దున వాకింగు, సాయంత్రం మనవరాలి లెక్కలు. నువ్వు లెక్క రాసి అడిగినావు చూడు, అది నాకు నచ్చింది. నా సర్వీసులో "సార్, గన్ను ఖరాబైంది" అని తెచ్చి బల్ల మీద పడేసినవాళ్ళే గానీ ఎన్నింటికి ఎన్ని, ఏ రకం స్టాపేజ్ (నిలబడిపోవడం) అని చెప్పినవాళ్ళు వేళ్ళ మీద లెక్క.

మొదటి మాట, అది నీ ఆయుధం కాదు, క్లబ్బుది. నీదే అయినా లోపలి పని లైసెన్సు ఉన్న ఆర్మరర్ చేయాల్సిందే. చట్టం సంగతి అట్లుంచు, పనిగా చూసినా తప్పే. నువ్వు స్ప్రింగుల మనిషివి కాబట్టి నీ భాషలోనే చెప్తాను. ఒకటిన్నర చుట్టు కోస్తే స్ప్రింగు మెత్తబడుతుంది అనుకుంటున్నావు. పడదు. చుట్లు తగ్గేకొద్దీ మిగిలిన తీగ మిల్లీమీటరుకు ఇంకా ఎక్కువ బలం అడుగుతుంది, అంటే గట్టిపడుతుంది. తగ్గేది పొడవు, ఆ పొడవుతో వచ్చే ముందు ఒత్తిడి. బోల్టు మూసుకుని ఉన్నప్పుడు దాన్ని ముందుకు అదిమి పెట్టేది ఆ ముందు ఒత్తిడే. అది పోతే ఏమవుతుందో నా ఎడమ బొటనవేలు చెప్తుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ నీ మాదిరే తెలివైనవాణ్ణి. ప్రాక్టీసు .22 పిస్టల్ ఒకటి సరిగా తిరగడం లేదని రెండు చుట్లు కోసినాను. యాభై రౌండ్లు బంగారంలా నడిచింది. చాంబర్‌లో మసి పేరుకున్నాక బోల్టు పూర్తిగా మూసుకోలేదు, వెంట్రుక వాసి తెరిచి ఉంది, అట్లే పేలింది. .22 కేసు గోడ కాగితం లాంటిది, దన్ను లేని చోట చీలిపోతుంది. వేడి గాలి, ఇత్తడి ముక్క బొటనవేట్లో దిగినాయి. కళ్ళద్దాలు ఉన్నాయి కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. మా హవల్దారు మేజరు నన్ను ఏమన్నాడో ఇక్కడ రాస్తే ఈ పేజీ మూసేస్తారు.

ఇంక లెక్కకు వస్తాను. మీ పిస్టల్‌లో తాళం పడే పద్ధతి లేదు. బోల్టును పట్టి ఉంచేది దాని బరువు, వెనక స్ప్రింగు, అంతే. రౌండు పేలినప్పుడు బుల్లెట్ ముందుకు ఎంత ఊపుతో పోతుందో కేసు అంత ఊపుతో బోల్టును వెనక్కి తోస్తుంది. ఆ ఊపులోనే ఖాళీ కేసు లాగడం, విసరడం, హ్యామర్ (పిన్నును కొట్టే సుత్తి) ఎక్కించడం, మ్యాగజైను దాటి వెనక్కి పోవడం అన్నీ జరగాల. మిగిలింది స్ప్రింగు మింగి, తిరిగి ముందుకు తోసి, కొత్త రౌండు ఎక్కిస్తుంది.

.22 లాంగ్ రైఫిల్ బుల్లెట్ 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు. స్టాండర్డ్ వెలాసిటీ అంటే సెకనుకు సుమారు 325 మీటర్లు. హై వెలాసిటీ అంటే సుమారు 380. వేగంలో తేడా 17 శాతమే గదా అనిపిస్తుంది. ఊపులో తేడా అంతే. కానీ బోల్టును ఆపడానికి స్ప్రింగు మింగాల్సిన శక్తి వేగం వర్గం లెక్కన పెరుగుతుంది, అది దాదాపు 37 శాతం ఎక్కువ. మిత్రుడు స్పీడుపోస్టు సలహా ఇక్కడే తిరగబడుతుంది. స్టాండర్డ్ వెలాసిటీకి కట్టిన పోటీ పిస్టల్‌లో హై వెలాసిటీ వేస్తే ఈ రోజు తిరుగుతుంది. కొన్ని వేల రౌండ్ల తర్వాత బోల్టు పోయి వెనక ఫ్రేమును సుత్తిలా కొట్టి కొట్టి చీలిక తెస్తుంది. ఇట్లాంటి పిస్టళ్ళతో వచ్చే పుస్తకాల్లో మామూలుగా స్టాండర్డ్ వెలాసిటీ మాత్రమే వాడమని రాసి ఉంటుంది. మీ క్లబ్బు బీరువాలో ఆ పుస్తకం ఉందో లేదో చూడు. ఉంటే దాని మీద చెదలు ఉంటాయి.

ఇంకోటి. పెట్టె మీద రాసిన వేగం పొడుగాటి రైఫిల్ గొట్టంలో కొలిచింది. 25 మీటర్ల పోటీ పిస్టల్ గొట్టం 153 మిల్లీమీటర్లు దాటకూడదని రూలు. అంత చిన్న గొట్టంలో పెట్టె మీది వేగం రాదు. ఒకే వేగం రాసున్న రెండు పెట్టెల్లో ఒకదాని మందు నిదానంగా కాలేది అయితే చిన్న గొట్టంలో అది ఇంకా వెనకబడుతుంది. అందుకే పిస్టల్ కోసమని విడిగా రౌండ్లు చేస్తారు.

మేం కోత్‌లో వాడిన 9 ఎం.ఎం. బుల్లెట్ 115 గ్రెయిన్లు, అంటే ఏడున్నర గ్రాములు. దాని ఊపు మీ .22కు మూడింతలు. అందుకే 9 ఎం.ఎం. రోంత మసి, రోంత గట్టి స్ప్రింగు అన్నీ ఓర్చుకుంటుంది. .22కు ఓర్పు లేదు, చిన్న పిల్లాడు నీళ్ళ బిందె మోసినట్టు. అమెరికాలో .45తో గురి పోటీలు కాల్చేవాళ్ళు కూడా రౌండుకు తగ్గట్టు స్ప్రింగు మారుస్తారు. 230 గ్రెయిన్ల పూర్తి రౌండుకు 16 పౌన్ల స్ప్రింగు కంపెనీది. మెత్తటి గురి రౌండ్లకు మారితే స్ప్రింగు 12, 14 పౌన్లకు దించుకుంటారు. కోయరు, వేరేది కొనుక్కుంటారు.

నీ లెక్క చదివితే: నిలువుగా ఇరుక్కోవడం, రౌండు ఎక్కకుండా మూసుకోవడం, రెండూ బోల్టు పూర్తిగా వెనక్కి రావడం లేదని చెప్తున్నాయి. అంటే నీ అనుమానం ఆ దిక్కున సరైనదే. స్ప్రింగు మరీ మెత్తదైతే గుర్తులు వేరే ఉంటాయి. కేసులు పక్క లేన్ వాడి మీద పడతాయి, చేతికి టక్కుమని దెబ్బ తెలుస్తుంది, కొత్త రౌండు సగం ఎక్కి ఆగుతుంది. కానీ బోల్టు వెనక్కి రాకపోవడానికి స్ప్రింగు ఒక్కటే కారణం కాదు. పొద్దున ఎక్కువ, తొమ్మిదికి తక్కువ అన్నావు. డిసెంబరు చలి మన దగ్గర పదిహేడు, పద్దెనిమిది డిగ్రీలు. ఆ చలికి మందు బలం పెద్దగా పడిపోదు. గ్రీజు మాత్రం చిక్కబడుతుంది. బోల్టు గాడిలో ఎవరైనా ట్రాక్టర్ గ్రీజు పూసినారేమో చూడు (నువ్వే పూసి ఉంటే ఇక్కడ ఒప్పుకో).

ఇప్పుడు నువ్వు చేయగలిగింది, స్ప్రింగు ముట్టకుండా. ముందు శుభ్రం. చాంబర్, బోల్టు ముఖం, ఖాళీ కేసును లాగే ఎక్స్‌ట్రాక్టర్ గోరు కింద మసి. గాడిలో పల్చటి ఆయిల్ ఒక చుక్క, ఎక్కువ కాదు, మీ ఊరి దుమ్ముకు ఎక్కువ పోస్తే పేస్టు అవుతుంది. తర్వాత మ్యాగజైనులో ఒకే ఒక్క రౌండు పెట్టి కాల్చు. కాల్చినాక బోల్టు వెనక నిలబడిందా లేదా రాసుకో. పది సార్లు మ్యాచ్ రౌండ్లతో, పది సార్లు చౌకవాటితో. వెనక్కి పూర్తిగా వచ్చిందో లేదో చెప్పడానికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు. పేలని రెండు రౌండ్లు ఉంటే అంచు మీద పిన్ను గుర్తు ఎంత లోతుందో చూడు. ఇంకోసారి రౌండు టిక్కుమంటే ముప్పై సెకన్లు గొట్టం గురి వైపే ఉంచి ఆగు, గబుక్కున తెరవొద్దు. టప్పుమని నీరసంగా పేలి బోర్డు మీద చిల్లు కనిపించకపోతే అక్కడే ఆపెయ్, బుల్లెట్ గొట్టంలోనే ఉండొచ్చు.

ఆఖరిది, క్లబ్బు రిజిస్టర్ తీసి చూడమను. ఆ పిస్టల్‌కు ఎప్పుడు ఏ స్ప్రింగు వేసినారో రాసి ఉండాల. రాసి లేకపోతే అదే పెద్ద స్టాపేజ్.

ఏడురోడ్లు (కడప), సోమవారం మధ్యాహ్నం 1.20

తాతగారు చెప్పినాక నాకు మిగిలింది తక్కువ. కానీ గేరుబాక్సు అన్నా, ఒకటి అడగాల. మ్యాచ్ రౌండ్లు కాల్చినప్పుడు, చౌకవి కాల్చినప్పుడు నీ చేయి ఒకటే మాదిరి ఉందా? నేను జూనియర్స్ నుంచి 25 మీటర్లు కాలుస్తున్నాను. మొదటి సంవత్సరం నా పిస్టల్ నా చేతిలో ఆగేది, మా అన్న చేతిలో ఆగేది కాదు. మణికట్టు వదులుగా ఉంటే బోల్టుతో పాటు మొత్తం పిస్టల్ వెనక్కి వస్తుంది, బోల్టుకు దక్కాల్సిన ఊపు చేతిలోకి పోతుంది. ఖరీదు రౌండు అనగానే మనిషి ఒళ్ళు దగ్గర పెట్టుకుని పట్టుకుంటాడు. చౌకది అనగానే ప్రాక్టీసే గదా అని వదిలేస్తాడు. కాబట్టి పరీక్ష చేసేటప్పుడు ఎవరినైనా మ్యాగజైను నింపి ఇమ్మను, ఏ రౌండో నీకు చెప్పకుండా. ఇంకో మనిషి చేత కూడా కాల్పించు.

రేంజ్ ఆఫీసరు ఒప్పుకుంటే పక్క నుంచి ఫోన్లో స్లో మోషన్ తీయించు. 240 ఫ్రేములైనా సరే, కేసు ఎప్పుడు తిరిగింది, బోల్టు ఎంత దూరం వచ్చింది అని కొంచెం తెలుస్తుంది.

స్టాపేజ్ సంగతి ఇంకోటి. పోటీలో ఆగితే చేయి పెట్టొద్దు. నా మొదటి స్టేట్ మీట్‌లో ర్యాపిడ్ రౌండు, మూడు సెకన్లు బోర్డు కనిపిస్తుంది, ఏడు సెకన్లు గ్యాప్. మూడో షాటుకు కేసు ఇరుక్కుంది. ప్రాక్టీసులో అలవాటు కొద్దీ బోల్టు లాగేసినాను. చేయి పైకెత్తి ఆఫీసరును పిలిచి ఉంటే అది నా తప్పు కాని స్టాపేజ్ కింద లెక్కేసి అవకాశం ఇచ్చేవాళ్ళు. నేను ముట్టుకున్నాను కాబట్టి ఒప్పుకోలేదు. మిగిలిన షాట్లు సున్నా. ఇంటికి వచ్చేదాకా బస్సులో మా నాయన ఒక్క మాట మాట్లాడలేదు, రాయచోటి దాటినాక మిరపకాయ బజ్జి కొనిచ్చినాడు.

పెద్దోళ్ళకు కూడా జరుగుతుంది. 2021లో టోక్యోలో మను భాకర్ ఎయిర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో పాడై నిమిషాలకు నిమిషాలు పోయినాయి, ఫైనల్‌కు రాలేదు. అదే అమ్మాయి 2024 పారిస్‌లో రెండు కాంస్యాలు తెచ్చింది, 25 మీటర్లలో నాలుగో స్థానం. మన హైదరాబాద్ ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో వెండి, టీమ్‌లో బంగారం గెలిచింది. ఆ సంవత్సరం మా క్లబ్బులో .22 అడిగే ఆడపిల్లలు ఒక్కసారిగా పెరిగినారు, రౌండ్లు మాత్రం పెరగలేదు.

స్పీడుపోస్టు, సోమవారం సాయంత్రం 6.15

ఓకే ఓకే. నేను చెప్పింది వెనక్కి తీసుకుంటున్నా. మా క్లబ్బులో అట్లే వాడతారు, ఏమీ కాలేదు కాబట్టి చెప్పినా.

కోత్ తాత (కర్నూలు), సోమవారం రాత్రి 8.30

ఏమీ కాలేదా, ఎవరూ విప్పి చూడలేదా?

గేరుబాక్సు (అనంతపురం), పద్నాలుగు దినాల తర్వాత, ఆదివారం మధ్యాహ్నం 2.10

ఆలస్యమైనందుకు మన్నించాల. కోచ్ సారు వచ్చేదాకా ఏదీ ముట్టలేదు. ఇప్పుడు చెప్తాండా, కొంచెం పొడుగే.

ముందు ఒప్పుకోవాల్సింది: గ్రీజు నేను పూయలేదు, కానీ పూసినవాడు నా దగ్గర కొనుక్కుపోయిన డబ్బాలోదే పూసినాడు. సింహం బొమ్మ డబ్బా, బేరింగులకు వేసేది. దాన్ని మొత్తం గుడ్డతో తీసి పల్చటి ఆయిల్ వేసినాం. పొద్దున ఆరున్నర తేడా అక్కడితో పోయింది. అయినా స్టాపేజ్ పూర్తిగా పోలేదు. చౌకవి వంద కాల్చితే ఏడు.

తర్వాత తాత చెప్పిన ఒక్క రౌండు పరీక్ష. మ్యాచ్ రౌండ్లతో పదికి పది సార్లు బోల్టు వెనక నిలబడింది. చౌకవాటితో పదికి నాలుగు. కడప అక్క చెప్పినట్టు ఏ రౌండో నాకు తెలియకుండా నింపించినా, నా చేతికి బదులు మా క్లబ్బులో రెవెన్యూ ఆఫీసు మనిషి ఒకాయన ఉన్నాడు, బండరాయి మాదిరి పట్టు, ఆయన చేత కాల్పించినా. ఆయనకు పదికి ఐదు. అంటే నా మణికట్టు తప్పు ఒక వంతు ఉంది, మిగిలింది పిస్టల్‌దే.

రిజిస్టర్ తీయమంటే రెండు గంటలు వెతికినారు. దొరికింది. రెండేండ్ల కింద క్లబ్బుకు హై వెలాసిటీ రౌండ్లు మాత్రమే దొరికినప్పుడు, బోల్టు ఫ్రేమును కొడతాంది అని ఎవరో తెలివైనవాళ్ళు గట్టి స్ప్రింగు వేయించినారంట. ఆ రౌండ్లు అయిపోయినాయి, స్ప్రింగు అట్లే ఉండిపోయింది. పాత స్ప్రింగు తలనొప్పి మాత్రల డబ్బాలో బీరువా అడుగున ఉంది. డబ్బా మీద ఏమీ రాసి లేదు. కోచ్ సారు "ఇది ఏదో పెన్నుది అనుకున్నా" అన్నాడు.

స్ప్రింగు క్లబ్బు దాటి పోగూడదు గనక మా అంగడి నుంచి కిరాణా కాటా తీసుకుపోయినా. ఒక ఇనుప కడ్డీ మీద స్ప్రింగు ఎక్కించి, పిస్టల్‌లో మూసి ఉన్నప్పుడు ఎంత పొడవు ఉంటుందో అంత పొడవుకు రెండింటినీ నొక్కి చూసినా. పాతది 2.7 కిలోలు చూపించింది, అంటే ఆరు పౌన్లు. వేసి ఉన్నది 3.4, ఏడున్నర. చుట్లు లెక్కపెడితే రెండూ సమానం, తీగ లావులో మాత్రం కంటికి తెలియనంత తేడా, మైక్రోమీటరుకు తెలిసింది. పొడవు కొలిచి పక్కన పెట్టి ఉంటే రెండూ ఒకటే అనుకునేవాణ్ణి. మా అంగట్లో ఇట్లనే కొలవకుండా ఇచ్చి తిట్లు తిన్న సందర్భాలు గుర్తొచ్చినాయి.

ఆర్మరర్ లైసెన్సు ఉన్నాయన కోచ్ సారుకు తెలిసినవాడు, బెంగుళూరు నుంచి హైదరాబాదు పోతా మధ్యలో ఆగి పాతది వేసిపోయినాడు. పది నిమిషాల పని. ఉగ్గాని బజ్జి తినడానికి అంతకంటే ఎక్కువ సేపు పట్టింది.

ఇప్పుడు లెక్క: చౌకవి 200కు 4 సార్లు నిలబడింది. ఆ నాలుగూ వేరే జాతి. రెండు టిక్కుమని పేలనివి. ముప్పై సెకన్లు ఆగి తీసి, కేసు రోంత తిప్పి మళ్ళీ పెడితే పేలినాయి. మిగిలిన రెండు 150 దాటినాక, బోల్టు పూర్తిగా మూసుకోలేదు. చాంబర్ అంచున మైనం, సీసం కలిసిన మసి. తుడిస్తే పోయింది. మ్యాచ్ రౌండ్లతో 100కు ఒక్కసారి కూడా ఆగలేదు. ఖాళీ కేసులు కుడి వెనక ఒకటిన్నర మీటరు దూరంలో ఒక్క చాట వెడల్పులో పడతాండాయి. రిజిస్టర్‌కు లెక్క అప్పజెప్పేటప్పుడు ఏరుకోవడం కూడా సులభమైంది.

గురి సంగతి అడగొద్దు. మ్యాచ్ రౌండ్లతో తొమ్మిది రింగులో కూర్చునే గుంపు చౌకవాటితో ఎనిమిది దాటి పోతాంది, పైనుంచి కిందికి సాగతాంది. అది స్ప్రింగు తీర్చేది కాదని నాకూ తెలుసు. ప్రిసిషన్ (నిదానంగా గురి చూసి కాల్చడం) నేర్చుకోవడానికి మ్యాచ్ రౌండ్లు, ర్యాపిడ్‌లో చేయి లేపడం నేర్చుకోవడానికి చౌకవి అని కోచ్ సారు భాగం పంచినాడు.

కోత్ తాత (కర్నూలు), ఆదివారం సాయంత్రం 4.00

సెబాష్. కాటా పెట్టినావు చూడు, నేను సర్వీసులో ఉండగా నువ్వు దొరికి ఉంటే కోత్‌లోనే పెట్టుకునేవాణ్ణి.

పేలని రెండింటి గురించి. తిప్పితే పేలినాయంటే పిన్ను బాగానే కొడుతుంది. .22కు పిన్ను దెబ్బకు ముందు అంటుకునే ప్రైమింగ్ మందు కేసు అంచు లోపల చుట్టూ ఉంటుంది. చౌకవాటిలో ఒక పక్క పల్చగా పడి ఉండొచ్చు. అదే పెట్టెలో ఇంకా ఎక్కువ వస్తే పెట్టె నంబరు రాసి పక్కన పెట్టండి. అది చూసి హ్యామర్ స్ప్రింగు గట్టిది వేద్దాం అని ఎవరైనా అంటే వినొద్దు, ట్రిగ్గర్ బరువు చెడుతుంది. ట్రిగ్గర్ తేలిక చేద్దాం అని మెత్తది వేద్దామన్నా వినొద్దు. మీ పోటీకి వెయ్యి గ్రాముల కంటే తక్కువ ఉండకూడదు, బరువు వేలాడదీసి చూస్తారు.

చాంబర్ ఇంక నుంచి వందకు ఒకసారి తుడువు. ఆ గట్టి స్ప్రింగును పారేయొద్దు, కానీ అదే మాత్రల డబ్బాలో పెట్టొద్దు. "3.4 కిలోలు, హై వెలాసిటీకి, ఈ పిస్టల్‌కు వేయరాదు" అని పెద్దక్షరాల్లో రాసి తేదీ వేయండి. మెత్తది వేసినారు కాబట్టి ఇంక ఆ పిస్టల్‌లో హై వెలాసిటీ ఒక్క పెట్టె కూడా పోగూడదు. ఇప్పుడు ఫ్రేముకు అడ్డం ఏమీ లేదు.

ఏడురోడ్లు (కడప), ఆదివారం సాయంత్రం 4.45

కోచ్ సారు పెన్నుది అనుకున్నాడు అనేది మా క్లబ్బులో చదివి వినిపించినాను. మా సారు నవ్వలేదు. వెంటనే లేచి బీరువా దగ్గరికి పోయినాడు.

గేరుబాక్సు (అనంతపురం), ఆదివారం రాత్రి 9.15

డబ్బా మీద రాసినాం తాతా, నా అంగడి స్టిక్కరే అంటించినా, తేదీతో సహా. బీరువాలో మూడు పెట్టెలు హై వెలాసిటీవి మిగిలి ఉంటే వేరే అరలో పెట్టి తాళం వేసినారు.

ఒకటే అనుమానం మిగిలింది. ఇప్పుడు చలికాలం కాబట్టి సరిపోయింది. మే నెలలో మా ఊర్లో 42, 43 పోతాంది. అప్పుడు ఇదే స్ప్రింగు మెత్తదైపోతుందా?

కోత్ తాత (కర్నూలు), సోమవారం పొద్దున 5.45

స్ప్రింగు ఆ వేడికి మారదు. మారేది రౌండు. మందు కొంచెం చురుగ్గా కాలుతుంది, బుల్లెట్ మీద మైనం మెత్తబడి దుమ్మును పట్టుకుంటుంది, ఆ దుమ్ము చాంబర్‌లోకి పోతుంది. ఏప్రిల్‌లో ఒకసారి, మేలో ఒకసారి ఇదే లెక్క మళ్ళీ రాయి. కేసులు ఒకటిన్నర మీటరు నుంచి మూడు మీటర్లకు పోతే నాకు చెప్పు. రౌండ్ల పెట్టె మాత్రం కారు డిక్కీలో పెట్టుకుని తిరగొద్దు.

గేరుబాక్సు (అనంతపురం), సోమవారం పొద్దున 7.30

కారు యాడిది తాతా, నాది టీవీఎస్ ఎక్సెల్. రౌండ్లు క్లబ్బు బీరువా దాటి రావు.